గోనె సంచిలో పిల్లి: మన తీర్పు ఏమిటి?

 

పదిహేను రోజుల సంది మన హాస్టల్లో రెండే ముచ్చట్లు నడుస్తున్నాయి. ఒకటి పరీక్షలు, రెండోది పిల్లి. పరీక్షల సంగతి తర్వాత చూసుకుందాం. ముందు పిల్లి సంగతి తేలాలి. ఎందుకంటే వచ్చే ఆదివారం మీటింగులో దాని గురించి నిర్ణయం తీసుకుంటామని వార్డెన్ సార్ చెప్పిండు. మీటింగులో అందరూ ఒక్కసారే మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. అందుకే నా అభిప్రాయం ఈ గోడమీద రాస్తున్నాను. నింపాదిగా చదవండి.

అది బూడిద రంగు చారల పిల్లి. ఎడమ చెవి కొస తెగి ఉంటుంది. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. కొందరు పసుపు మార్కెట్ నుంచి వచ్చిందంటారు. కొందరు అంకాపూర్ నుంచి వచ్చిందంటారు. అంకాపూర్ కోడికూర విడిచిపెట్టి మన మెస్సు సాంబారు కోసం వచ్చే పిల్లి లోకంలో ఉండదని నా నమ్మకం. ఏదైతేనేం, వచ్చింది. వంటగది వెనుక గోడ దూకి వచ్చింది. వచ్చిన మూడో రోజే పాలగిన్నె మీది మూత జరిపింది. ఐదో రోజు ఆరో తరగతి డార్మిటరీలో దుప్పట్ల మీద పడుకుంది. ఎనిమిదో రోజు ఒక తమ్ముని చేతి మీద గీరింది.

దాంతో హాస్టల్ రెండు పార్టీలైంది. "పంపెయ్యాలె" పార్టీ, "ఉంచుకోవాలె" పార్టీ. మధ్యలో కొందరు గోడమీద పిల్లి లెక్క కూసున్నరు, ఎటు గెలిస్తే అటు దూకుదామని.

ముందుగా ఒక నిజం ఒప్పుకుంటాను. నేను మొదట్లో "పంపెయ్యాలె" పార్టీయే. పోయిన గురువారం పసుపు బస్తా గోనె సంచి ఒకటి తెచ్చి, పిల్లిని పట్టి, హైవే దాటించి విడిచిపెట్టాలని అనుకున్నాం. సంచి మూతి పట్టుకున్నది నేనే. పిల్లి సగం లోపలికి పోయింది. అప్పుడే వంట చేసే అక్క పరుగెత్తుకొచ్చింది. "ఆగుండ్రి రా! దాని పొదుగు చూడుండ్రి, పాలు దిగి ఉన్నయ్. ఎక్కడనో పిల్లలున్నయ్!" అన్నది. సంచి విడిచినం. పిల్లి సీదా స్టోర్ రూం వెనుకకు ఉరికింది. మేం వెనుకనే పోయి చూస్తే, ఇరిగిన బెంచీల కింద మూడు పిల్లలు. కండ్లు అప్పుడే తెరుస్తున్నాయి. ఒక్క నిమిషం ఆలస్యమైతే తల్లి హైవే అవతల, పిల్లలు బెంచీల కింద. ఏమయ్యేదో నేను చెప్పనక్కర లేదు.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకని ఈ విషయం గురించి కొంచెం చదివిన, కొంచెం పెద్దలను అడిగిన. తెలిసినవి వరుసగా చెప్తాను.

మొదటిది, సంచిలో వేసి విడిచిపెట్టుడు. మన ఆర్మూరు దగ్గర 44వ నంబర్, 63వ నంబర్ జాతీయ రహదారులు కలుస్తాయి. లారీలు రాత్రీ పగలూ ఆగవు. కొత్త చోట విడిచిన పిల్లి అక్కడ ఉండదు, తన పాత తావును వెతుక్కుంటూ చాలాసార్లు తిరిగి బయలుదేరుతుంది. అంటే మనం దాన్ని హైవే అవతల విడిచిపెడితే హైవే మీదికి పంపినట్టే. ఇది నేరం కూడా. 1960లో వచ్చిన జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడేటట్టు జంతువును వదిలేయడం శిక్షించదగ్గ పని. ఆ చట్టంలో మొదటిసారి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలే. కానీ జంతువును చంపినా, విషం పెట్టినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఇది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. "ఎలుకల మందు పెడితే అయిపాయె" అని నవ్వుకుంటూ అన్న మిత్రుడు ఈ వాక్యం రెండుసార్లు చదవాలని నా మనవి. పైగా వంటగది పక్కన విషం పెట్టే హాస్టల్లో నాలుగు వందల మంది అన్నం తింటున్నారని మరువవద్దు.

ఇంకో సంగతి. ఈ పిల్లిని పంపితే సమస్య పోతుందా? పోదు. అది ఎందుకొచ్చింది? మనం పారేసిన మెతుకుల కోసం వచ్చింది. 2024 డిసెంబర్ 14న హాస్టళ్లలో కామన్ డైట్ మెనూ మొదలైన సంది మెస్సులో చికెన్, మటన్ రోజులున్నాయి. ఆ రోజు బొక్కలు ఎక్కడ పడేస్తున్నాం? మూత లేని డ్రమ్ములో, వంటగది గోడ పక్కనే. ఆ డ్రమ్ము అట్లనే ఉన్నంతకాలం ఈ పిల్లి పోతే ఇంకో పిల్లి వస్తుంది. పిల్లి రాకపోతే కుక్క వస్తుంది. మనం ఎన్ని గోనె సంచులు తెస్తాం?

రెండోది, "ఉంచుకోవాలె" పార్టీ. వీళ్ల మనసు మంచిదే, కానీ వీళ్లకూ కొన్ని చెప్పాలి. మన తండాల్లో, గూడేల్లో పిల్లి ఒక సమస్యే కాదు. వస్తది, పోతది. ఇంట్లో ఐదారుగురం ఉంటాం. ఇక్కడ ఒక్క గదిలో నలభై మందిమి పక్కపక్కన పడుకుంటాం. పిల్లి వల్ల ఒకనికి తామర అంటితే వారంలో గది మొత్తానికి అంటుతుంది. పిల్లి మలంలో కొన్నిసార్లు కంటికి కనిపించని పరాన్నజీవి ఉంటుంది. అది ముఖ్యంగా గర్భిణులకు, వాళ్ల కడుపులోని బిడ్డకు ప్రమాదం. బయటపడినప్పటినుంచి ఒకటి నుంచి ఐదు రోజుల్లో అది అంటుకునే స్థితికి వస్తుంది కాబట్టి మలాన్ని ఏ రోజుకారోజు తీసేయాలి. ప్రేమ అంటే దుప్పట్లో పడుకోబెట్టుకోవడం కాదు, రోజూ పారతో దాని మలం ఎత్తడం. దీనికి ఎంతమంది సిద్ధం? చేతులెత్తండి చూద్దాం!

అన్నిటికన్నా పెద్దది రేబిస్. కుక్కకే కాదు, పిల్లికీ వస్తుంది. లక్షణాలు బయటపడ్డ తర్వాత దాదాపు ఎవరూ బతకరు. కానీ వెంటనే కడిగి, సమయానికి టీకాలు వేయించుకుంటే ఆపగలిగిన జబ్బు ఇది. ఇక్కడే మన తమ్ముని సంగతి చెప్పాలి. ఆరో తరగతి తమ్మున్ని పిల్లి గీరింది మంగళవారం. సార్‌కు తెలిసింది గురువారం. రెండు రోజులు వాడు పొడుగు చేతుల అంగీ వేసుకొని తిరిగిండు. గీతల మీద వంటగదిలోని పసుపు అద్దుకున్నడు. ఎందుకు చెప్పలేదురా అని అడిగితే, "చెప్తే పిల్లిని పారేస్తరన్నా" అని ఏడ్చిండు. సార్ వాణ్ని వెంటనే దవాఖానకు తీసుకుపోయి సూది ఇప్పించిండు. ఇప్పుడు బాగనే ఉన్నడు.

మిత్రులారా! మనది పసుపు ఊరు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మొదలైంది, దాని ఆఫీసు మన జిల్లా కేంద్రంలోనే ఉంది. మన ఇండ్లల్ల దెబ్బ తగిలితే మొదట చెయ్యి పోయేది పసుపు డబ్బా మీదికే. కానీ కుక్క కరిచినా, పిల్లి గీరినా పసుపు పెట్టొద్దు, కారం పెట్టొద్దు, సున్నం పెట్టొద్దు. నల్లా కింద పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. తర్వాత దవాఖానకు పోయి, వాళ్లు చెప్పిన తేదీలన్నింటికీ టీకా వేయించుకోవాలి. ఒక్కటి కూడా ఎగ్గొట్టొద్దు. పసుపు మంచిదే, కానీ రేబిస్‌ను ఆపేది పసుపు కాదు.

ఆ తమ్ముని సంగతే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. మనం "పిల్లిని ముట్టుకుంటే దెబ్బలు" అని రూలు పెడితే పిల్లలు ముట్టుకోవడం మానరు, చెప్పడం మానుతారు. దాచిన గీత, కనిపించే గీత కన్నా ప్రమాదం. కాబట్టి మనం ఏ నిర్ణయం తీసుకున్నా సరే, దెబ్బ తగిలినవాడు భయం లేకుండా సార్ దగ్గరికి పోయేటట్టు ఉండాలి.

మూడోది ఎలుకలు. "పిల్లి ఉంటే ఎలుకలు పోతయ్" అని అందరూ అంటున్నారు. నేను కూడా అట్లనే అనుకున్న. మనిషికి, పిల్లికి దోస్తానా అట్లనే మొదలైందని పండితులు చెప్తారు. గింజలు దాచుకుంటే ఎలుకలొచ్చినయ్, ఎలుకల వెంబడి పిల్లి వచ్చింది. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికింది, అది తొమ్మిదిన్నర వేల ఏండ్ల నాటిది. ఇదంతా నిజమే. కానీ 2018లో వెలువడిన ఒక పరిశోధన గురించి చదివి ఆశ్చర్యపోయిన. న్యూయార్క్ నగరంలో ఎలుకలున్న ఒక చెత్త కేంద్రంలో 79 రోజులు కెమెరాలు పెట్టి చూశారు. ఆ చుట్టుపక్కల పిల్లులు అన్ని రోజుల్లో చంపింది రెండే రెండు ఎలుకలను! పెద్ద పందికొక్కులాంటి ఎలుకను చూస్తే పిల్లి కూడా "నాకెందుకులే" అనుకుంటుందట. పిల్లిని చూసి ఎలుకలు దాక్కుంటాయి, అంతే. కనుక "ఎలుకలు పడుతుంది కాబట్టి పిల్లిని ఉంచండి" అని నేను అడగను. అది సరైన వాదన కాదు.

ఎలుకల సంగతి మాత్రం చిన్నది కాదు. 2024 ఫిబ్రవరిలో కామారెడ్డి ప్రభుత్వ ఆస్పత్రి ఐసీయూలో ఎలుకలు రోగిని కొరికాయి. అదే సంవత్సరం జూలైలో మెదక్ జిల్లా రామాయంపేటలో ఒక స్కూలు హాస్టల్లో ఎలుకలు నిద్రపోతున్న విద్యార్థినులను కొరికాయి. పేపర్లో అందరం చదివినం. అక్కడ కావలసింది పిల్లి కాదు. బొక్కలు పూడ్చుడు, తలుపు కింది సందుకు రేకు కొట్టుడు, బియ్యం బస్తాలు నేలమీద కాక చెక్కల మీద పెట్టుడు, ఎంగిలి డ్రమ్ముకు మూత పెట్టుడు. మన స్టోర్ రూంలో కూడా ఇవి చేయాలి. ఈ పని పిల్లి చెయ్యదు, మనం చెయ్యాలి.

నాలుగోది శకునం. పదో తరగతి అన్నలు కొందరు "పరీక్షకు పోయేటప్పుడు పిల్లి ఎదురొస్తే ఎట్ల?" అని అంటున్నారు. అన్నలారా, పిల్లి ఎదురొస్తే ఫెయిల్ కారు, చదవకపోతే అవుతారు. ఆ శకునం నమ్మేటోళ్లు ఇంకో మాట కూడా నమ్మాలె. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానం ఇయ్యాలని మన ముసలోళ్లు అంటారు. ఇప్పటి బంగారం ధరకు మన హాస్టల్ మొత్తం చందాలేసినా పిల్లి మీసం కూడా రాదు!

ఐదోది, అసలైన ప్రశ్న. ఈ పిల్లి ఎవరిది? మర్యాద రామన్న తీర్పుగా మనవాళ్లు చెప్పుకొనే కథ మీకు తెలుసు. నలుగురు వర్తకులు పత్తి వ్యాపారం చేస్తూ, ఎలుకల కోసం ఒక పిల్లిని పెంచారు. తలా ఒక కాలు పంచుకున్నారు. ఒక కాలికి దెబ్బ తగిలితే, ఆ కాలు యజమాని నూనె గుడ్డ కట్టాడు. దీపం అంటుకుని ఆ పిల్లి పత్తిలోకి ఉరికింది. సరుకంతా బుగ్గి. ముగ్గురూ కలిసి నాలుగో వాని మీద ఫిర్యాదు చేశారు. తీర్పు ఏమైంది? కుంటి కాలు నడవలేదు, పిల్లిని పత్తిలోకి మోసుకుపోయినవి మంచి కాళ్లు మూడే, కాబట్టి ఆ ముగ్గురే నష్టం కట్టాలని.

మన హాస్టల్లో కూడా అదే జరుగుతున్నది. దానికి అన్నం పెట్టిన తమ్ముని మీదనే అందరి కోపం. "నువ్వు పెట్టినవ్ కాబట్టే వచ్చింది" అని. మరి మూత పెట్టని పాలగిన్నె ఎవరిది? బొక్కలు గోడ అవతల విసిరేసింది ఎవరు? డార్మిటరీ తలుపు తెరిచి పెట్టింది ఎవరు? ఆ మూడు మంచి కాళ్లూ మనవే. పిల్లి మీద మనకు నాలుగు వందల కాళ్లున్నయ్, బాధ్యత మాత్రం ఒక్కదానికే అంటగడుతున్నాం. ఇది న్యాయమా? ఆలోచించండి.

ఇప్పుడు వార్డెన్ సార్ మాట. సార్ కఠినంగా అన్నడని కొందరు నొచ్చుకున్నారు. కానీ సార్ ఏమన్నడు? "రేపు ఒక్క పిల్లగానికి ఏమన్నా అయితే వాళ్ల అమ్మనాయనకు నేనేం జవాబు చెప్పాలె?" అన్నడు. అది కోపం కాదు, భయం. న్యాయమైన భయం. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు బడులు, ఆస్పత్రులు, బస్టాండ్ల నుంచి వీధికుక్కలను తీసి షెల్టర్లకు తరలించాలని ఆదేశించింది. అది కుక్కల గురించి చెప్పింది, పిల్లుల గురించి కాదు. కానీ పిల్లల రక్షణ ముందు అన్న మాట మనకూ వర్తిస్తుంది. అట్లనే మన రాజ్యాంగం 51ఎ అధికరణం ప్రాణుల మీద దయ చూపడం ప్రతి పౌరుని విధి అంటుంది. అది కూడా సాంఘికశాస్త్రం పరీక్షలో మార్కుల కోసం రాసి మరిచిపోయేది కాదు. రెండూ పాటించే దారి వెతకాలి. నాకు తోచిన దారి ఇది:

1. కూనలు పాలు మరిచేదాకా, అంటే పుట్టినప్పటినుంచి కనీసం ఎనిమిది వారాలు, తల్లినీ పిల్లలనూ ఎవరూ కదిలించొద్దు. ఎత్తుకొని ఆడొద్దు.

2. వాటి తావు స్టోర్ వెనుక రేకుల కింద, బెంచీల దగ్గరే. డార్మిటరీ, వంటగది, స్టోర్ రూం, డైనింగ్ హాల్, ఈ నాలుగింటిలోకి పిల్లి రావొద్దు. కిటికీలకు జాలి కొట్టే పనికి పదో తరగతి అన్నలు సాయం చేయాలి.

3. తిండి రోజుకు రెండు పూటలు, ఒకే చోట, డ్యూటీ ఉన్న ఇద్దరే పెట్టాలి. గుడ్డు రోజు గుడ్డు ముక్క, చికెన్ రోజు బొక్క లేని ముక్క, అదీ మనం విడిచిపెట్టిన దాంట్లోనిదే. ఉడికిన బొక్క గొంతులో గుచ్చుకుంటుంది, పెట్టొద్దు. పాలు అవసరం లేదు, పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు కూడా. నీళ్లు చాలు. "పిల్లలకే పాలు చాలవు, పిల్లికా?" అన్న ప్రశ్నకు ఇదే జవాబు.

4. ఒక పాత తొట్టిలో ఇసుక. రోజూ పొద్దున పెద్ద తరగతివాళ్లు పారతో ఎత్తి, గుంతలో పూడ్చి, సబ్బుతో చేతులు కడగాలి. వంట చేసే అక్కలతో ఈ పని చేయించొద్దు.

5. గీరినా, కరిచినా వెంటనే సార్‌కు చెప్పాలి. చెప్పినవాణ్ని ఎవరూ కొట్టొద్దు, తిట్టొద్దు. ఈ ఒక్క మాట సార్ అందరి ముందు చెప్పాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

6. పశువుల దవాఖాన డాక్టర్ గారిని అడిగి తల్లికి రేబిస్ టీకా వేయించాలి, కూనలు పాలు మరిచాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ సంగతి కూడా కనుక్కోవాలి. లేకపోతే మూడు పిల్లులు ఏడాదికి ఎన్నవుతాయో లెక్కల సార్‌నే అడగండి.

7. కూనలను మన తల్లిదండ్రులు చూడటానికి వచ్చే ఆదివారం, అడిగి తీసుకుపోయేవాళ్లకు ఇయ్యాలి. అడిగిన ఇంటికే, విడిచిపెట్టే చోటికి కాదు.

8. ఎంగిలి డ్రమ్ముకు మూత, స్టోర్ తలుపుకు రేకు ఈ వారంలోనే.

రెండు నెలల తర్వాత మళ్లీ మీటింగు పెడదాం. అప్పటికి మనం డ్యూటీలు చేయకపోతే, పిల్లి డార్మిటరీలోకి వస్తూనే ఉంటే, నేనే లేచి నిలబడి "సార్, దీన్ని ఎవరింటికన్నా ఇద్దాం" అంటాను. ఒక మంచి ఇల్లు చూసి ఇద్దాం. కానీ గోనె సంచి మాత్రం వద్దు. ఆ సంచి మూతి పట్టుకున్న చేతులతోనే ఇది రాస్తున్నాను.

చివరగా ఒక మాట. మొదటి రోజు ఇనుప పెట్టె పట్టుకొని ఈ గేటు దగ్గర నిలబడ్డది మనకు గుర్తుంది. ఎవరూ తెలియదు, మాట కూడా సరిగ్గా రాదు. ఆ రాత్రి ఎవరో అన్న వచ్చి "తిన్నవా తమ్మీ?" అని అడిగిండు. మనలో చాలామందిమి ఆ ఒక్క మాటతోనే ఇక్కడ ఆగిపోయినం. పిల్లి మనిషి కాదు, నిజమే. కానీ మన గోడ దూకి వచ్చిన ప్రాణిని ఏం చేస్తమన్నది దాని గుణం చెప్పదు, మన గుణం చెప్తుంది.

ఈ కాగితం కింద ఇంకో తెల్లకాగితం అతికించాను. పెన్సిల్ దారానికి కట్టి ఉంది. తిండి డ్యూటీకి, ఇసుక తొట్టి డ్యూటీకి వేరువేరు గళ్లు గీసాను. ఇసుక తొట్టి గడిలో మొదటి పేరు నాదే. ఆదివారం లోపల పద్నాలుగు పేర్లు నిండితే సార్‌ను అడిగే హక్కు మనకుంటుంది. నిండకపోతే లేదు.

గోడమీద పిల్లిలాగా కూర్చోకండి. గోడమీద పేరు రాయండి!

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి